ఏజెంట్ ఆరెంజ్: విషం ఒక్కటే, తూకాలు రెండు

వియత్నాంలోని హో చి మిన్ నగరానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో బియెన్ హోవా వైమానిక స్థావరం ఉంది. దాని పరిసరాల్లోని చెరువుల్లో చేపలు పట్టకూడదు. నీళ్లు చూడడానికి మామూలుగానే ఉంటాయి, చేపలూ మామూలుగానే ఎదుగుతాయి. చిక్కంతా అడుగున ఉన్న బురదలో ఉంది. 1960లలో అమెరికా వైమానిక దళం అక్కడ నిల్వ చేసిన కలుపు మందు పీపాల నుంచి కారిన డయాక్సిన్ అనే విషం ఆ బురదను అంటిపెట్టుకుని ఉండిపోయింది. బురదలో మేత వెతుక్కునే చేపల కొవ్వులోకి, బాతుల కొవ్వులోకి, వాటిని వండుకు తిన్నవాళ్ల రక్తంలోకి అది చేరినట్టు పరీక్షల్లో తేలింది. వియత్నాం యుద్ధం 1975లోనే ముగిసింది. ఆ తరువాత పుట్టినవాళ్ల ఒంట్లోనూ, మందు పడని ఉత్తర ప్రాంతాల నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్ల ఒంట్లోనూ ఆ విషం కనిపించింది.

ఆ కలుపు మందే ఏజెంట్ ఆరెంజ్, ఆ పేరు చాలామంది విన్నదే. వైకల్యాలతో పుట్టిన పిల్లల ఫొటోలు చూసి గుండె తరుక్కుపోయినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ ఫొటోల దగ్గరే ఆగిపోతే విషయం సగమే అర్థమవుతుంది. అక్కడ చెట్లను చంపిన పదార్థం ఒకటి, మనుషులను ఇప్పటికీ పీడిస్తున్న పదార్థం మరొకటి. ఆ రెండోది చేసిన హానిని నిరూపించడం ఎందుకంత కష్టమైందన్నది వేరే ప్రశ్న. నిరూపించే భారం ఎవరి నెత్తిన పెట్టారు, ఎవరి నెత్తి నుంచి దించారు అన్న చోటే అసలైన అన్యాయం ఉందని నా అభిప్రాయం.

ముందు చెట్ల సంగతి. అడవి అమెరికాతో పోరాడే గెరిల్లాలకు చాటు కాకూడదు, పొలం వాళ్లకు తిండి పెట్టకూడదు. ఈ రెండు లక్ష్యాలతో 1961 ఆగస్టు 10న దక్షిణ వియత్నాంలోని కొన్ తుమ్ ప్రాంతంలో ప్రయోగాత్మకంగా మందు చల్లారు. 1962 జనవరి నుంచి ‘ఆపరేషన్ రాంచ్ హ్యాండ్’ పేరుతో అది నిత్యకృత్యమై 1971 దాకా సాగింది. మలయాలో (నేటి మలేషియాలో భాగం) తిరుగుబాటును అణచడానికి బ్రిటిషువాళ్లు 1950లలోనే ఇలాంటి మందులు వాడి ఉన్నారు కాబట్టి, ఇదేమీ కొత్త పద్ధతి కాదని చెప్పుకోవడానికి అమెరికా అధికారులకు వీలు దొరికింది. పదేళ్లలో చల్లింది 7 కోట్ల లీటర్లకు పైమాటే. అందులో సగానికి మించి ఏజెంట్ ఆరెంజ్. 208 లీటర్ల పీపా చుట్టూ గుర్తుగా వేసిన నారింజ రంగు పట్టీని బట్టి వచ్చిన పేరది. వేరే మందులతో తెలుపు, నీలం, ఊదా, గులాబీ, ఆకుపచ్చ పట్టీల పీపాలూ ఉండేవి.

ఒక సి-123 విమానం ట్యాంకులో సుమారు 3,800 లీటర్లు పట్టేవి. చెట్ల కొనలకు కొద్ది ఎత్తులో ఎగురుతూ నాలుగు నిమిషాల్లో ట్యాంకును ఖాళీ చేసేది. 80 మీటర్ల వెడల్పున, 14 కిలోమీటర్ల పొడవున మందు నేలకు దిగేది. ఇలాంటి విమానాలు వరసగా ఎగిరితే ఆ పట్టీ అన్ని రెట్లు వెడల్పయ్యేది. అప్పటి వైమానిక రికార్డులను తిరగేసి 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నేరుగా మందు పడిన దారిలో ఉన్న పల్లెలే 3,181. వాటిలో అప్పట్లో నివసించినవారు తక్కువలో తక్కువ 21 లక్షలు, ఎక్కువలో ఎక్కువ 48 లక్షలు. అడవుల మీద చల్లామన్న మాట వెనుక ఇంత జనం ఉన్నారు.

ఏజెంట్ ఆరెంజ్‌లో 2,4-డి, 2,4,5-టి అనే రెండు రసాయనాలు సగం సగం ఉంటాయి. మొదటిది మన రైతులకు బాగా పరిచయమైనదే. వరి, మొక్కజొన్న, చెరకు పొలాల్లో వెడల్పాకు కలుపు మీద కొట్టే 2,4-డి ఈరోజుకీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పురుగుమందుల దుకాణాల్లో దొరుకుతుంది. పక్క చేలో అది కొట్టినప్పుడు గాలికి తుంపర వచ్చి పత్తి మీద పడితే ఏమవుతుందో పత్తి రైతులు చూసే ఉంటారు. ఆకులు వేళ్లలా సన్నబడి, ఈనెలు దగ్గరికి ముడుచుకుని, కొమ్మ మెలితిరిగిపోతుంది. ఈ మందు మొక్కలో సహజంగా ఉండే ఎదుగుదల హార్మోనును అనుకరిస్తుంది. ఎక్కడ ఎదగాలో, ఎప్పుడు ఆగాలో తెలియని స్థితికి మొక్కను నెట్టి చంపుతుంది. వియత్నాం అడవుల్లో జరిగిందీ ఇదే. అక్కడ చల్లిన మోతాదు మాత్రం వ్యవసాయంలో వాడే దానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

గడ్డి జాతికి చెందిన వరి మీద ఈ మందు అంతగా పనిచేయదు. అందుకే వరి పొలాలను నాశనం చేయడానికి నీలం పట్టీ పీపాలు తెచ్చారు. ఏజెంట్ బ్లూలో ఉన్నది ఆర్సెనిక్ సమ్మేళనం. అది పైరును నిలువునా ఎండబెడుతుంది. ఆర్సెనిక్ మూలకం కాబట్టి విరిగి మాయమైపోదు. ఎండిన ఆ పంట ఎవరిదన్న ప్రశ్న అప్పట్లోనే వచ్చింది. కొండ ప్రాంతపు పల్లెల్లో గెరిల్లా తినే గింజ, పసిబిడ్డ తల్లి తినే గింజ ఒకే గాదెలోవి. పైనుంచి చల్లే మందుకు ఆ తేడా తెలియదు. చల్లమని ఆదేశించినవాళ్లకు మాత్రం తెలుసు.

ఇక మనుషుల సంగతి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏజెంట్ ఆరెంజ్ అనగానే భయపడాల్సింది ఆ రెండు కలుపు మందుల కన్నా, అందులోని మలినానికి. 2,4,5-టి తయారీలో ట్రైక్లోరోఫినాల్ అనే ముడిపదార్థం ఒక దశ. అక్కడ ఉష్ణోగ్రత అదుపు తప్పితే రెండు అణువులు ఒకదానితో ఒకటి కలిసిపోయి టీసీడీడీ అనే డయాక్సిన్ ఏర్పడుతుంది. డయాక్సిన్ల కుటుంబంలో అత్యంత విషపూరితమైనది అదే. దాన్ని ఎవరూ కావాలని తయారు చేయలేదు. వేడి తగ్గించి, నిదానంగా వండితే అది బాగా తగ్గుతుందని పరిశ్రమకు తెలుసు. నిదానిస్తే ఉత్పత్తి తగ్గుతుంది, యుద్ధానికేమో పీపాలు వేగంగా కావాలి. అందుకే ఒక ఫ్యాక్టరీ సరుకులో డయాక్సిన్ లేశమాత్రంగా ఉంటే, మరో ఫ్యాక్టరీ సరుకులో పది లక్షల భాగాలకు పదుల భాగాలు ఉండేది. ఊదా పట్టీ, గులాబీ పట్టీ పీపాల్లో ఇంకా ఎక్కువ.

తెలియక జరిగిందనడానికి వీల్లేదు. 1949లో వెస్ట్ వర్జీనియాలోని నైట్రో పట్టణంలో, ఏజెంట్ ఆరెంజ్ తయారీదారుల్లో ఒకటైన మోన్సాంటో ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి కార్మికులకు ఒళ్లంతా మొండి కురుపులు లేచాయి. క్లోరాక్నే అనే ఆ చర్మవ్యాధి డయాక్సిన్ సోకిందనడానికి గుర్తు. 1953లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ ఫ్యాక్టరీలోనూ అలాంటి ప్రమాదమే జరిగింది. 1965లో డౌ కంపెనీ తోటి తయారీదారులను పిలిపించి ఈ మలినం గురించే మాట్లాడింది. పిచికారీ ముమ్మరమైంది ఆ తరువాతి సంవత్సరాల్లోనే. అమెరికా ప్రభుత్వం చేయించిన పరీక్షల్లో 2,4,5-టి వల్ల ఎలుకలకు వైకల్యాలతో పిల్లలు పుడుతున్నట్టు తేలిన సంగతి 1969లో బయటికి పొక్కింది. 1970 ఏప్రిల్‌లో ఏజెంట్ ఆరెంజ్ వాడకం నిలిపివేశారు. ఆ ఒత్తిడి తెచ్చిన శాస్త్రవేత్తల్లో యేల్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ గాల్‌స్టన్ ముఖ్యుడు. సోయా మొక్కలు త్వరగా పూతకొచ్చేలా చేసే రసాయనం మీద 1943లో పీహెచ్‌డీ చేసినప్పుడు, మోతాదు పెరిగితే ఆకులు రాలిపోతాయని గమనించినవాడు ఆయన. అలాంటి పరిశోధనలే సైన్యం చేతిలో ఆయుధమయ్యాయన్న బాధ ఆయన్ని చివరిదాకా వెంటాడింది. ప్రకృతిని ఇలా సామూహికంగా హతమార్చడాన్ని అంతర్జాతీయ నేరంగా గుర్తించాలని 1970లోనే అడిగాడు.

అడవులకు జరిగిన నష్టంలో మడ అడవులది ప్రత్యేక విషాదం. కొండ అడవుల్లో చాలా చెట్లు ఒక్కసారి చల్లితే ఆకు రాల్చి మళ్లీ చిగురించాయి. రెండు మూడుసార్లు చల్లినచోట చచ్చిపోయాయి. మడ చెట్లు ఒక్క పిచికారీకే చచ్చాయి. దక్షిణ వియత్నాం మడ అడవుల్లో మూడో వంతుకు పైగా ఇలా పోయింది. వేర్ల మధ్య గుడ్లు పెట్టే చేపలు, రొయ్యలు, పీతలు చెట్లతోపాటే తగ్గిపోయాయి. హో చి మిన్ నగరం పక్కనే ఉన్న కాన్ జోలో 1978 నుంచి మళ్లీ నాటడం మొదలుపెట్టారు. దక్షిణ కొసన ఉన్న కా మావు నుంచి పొడవాటి మొలకలు తెచ్చి బురదలో ఒక్కొక్కటే చేత్తో గుచ్చారు. మన కోరింగలో ఉప్పుపొన్న అని పిలిచే చెట్టు జాతే అది. 2000లో యునెస్కో ఆ ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. వియత్నాం ప్రజల సొంత కష్టంతో సాధించిన గొప్ప విజయమిది. అయితే నాటిన అడవి చాలా వరకు ఒకే జాతి చెట్లది. పాత అడవిలోని వైవిధ్యం అంత సులువుగా తిరిగి రాదు.

కొండ ప్రాంతాల్లో చెట్లు చచ్చినచోట దర్భలాంటి మొండి గడ్డి పరుచుకుంది. ఎండాకాలం అది అంటుకుంటే మధ్యలో తలెత్తిన మొక్కలు కూడా కాలిపోతాయి. స్థానికులు దాన్ని అమెరికా గడ్డి అన్నారు. హనోయికి చెందిన పక్షిశాస్త్రవేత్త వో క్వీ వంటివారు ముందు త్వరగా పెరిగే చెట్లను నాటి, నీడ పడ్డాక ఆ నీడలో అసలు అడవి జాతులను పెంచే పద్ధతిని ముందుకు తెచ్చారు. ఇది ఒక తరంలో అయ్యే పని కాదు.

డయాక్సిన్ కథ వేరు. ఎండ తగిలే ఆకు మీద, నేల మీద అది కొంత త్వరగానే విరుగుతుంది. మట్టి పైపొరలో దాని అర్ధాయువు, అంటే సగం తగ్గడానికి పట్టే కాలం, 9 నుంచి 15 ఏళ్లని అంచనా. లోపలి మట్టిలో, చెరువు బురదలో అది 25 నుంచి 100 ఏళ్లు. అది నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నీళ్లు తాగడం వల్ల వచ్చే ముప్పు తక్కువ, చేపలు, బాతులు, కోళ్ల వల్ల వచ్చేది ఎక్కువ. మనిషి ఒంట్లోకి చేరాక సగం తగ్గడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది. తల్లి శరీరం నుంచి అది తేలిగ్గా బయటపడే మార్గం చనుబాలు. ఆ పాలు తాగేది బిడ్డ. లావోస్ సరిహద్దున ఉన్న ‘ఆ లువోయ్’ అనే లోయలో కెనడా పరిశోధకులు పాత సైనిక శిబిరాల మట్టిని, చేపల చెరువులను, బాతుల కొవ్వును, మనుషుల రక్తాన్ని, తల్లిపాలను వరసగా పరీక్షించారు. ఒక్కో మెట్టు దాటుతూ విషం మనిషి దాకా వచ్చిన దారి అందులో స్పష్టంగా కనిపించింది. వాళ్లు తేల్చిన మరో ముఖ్యమైన విషయం ఏమిటంటే, దేశమంతటా పలచగా పడిన మందు కన్నా పీపాలు నిల్వ చేసి విమానాలకు ఎక్కించిన స్థావరాలే ఇప్పటి ముప్పుకు కేంద్రాలు. బియెన్ హోవా, డా నాంగ్, ఫూ కాట్ వాటిలో ప్రధానమైనవి.

ఒంట్లోకి చేరిన డయాక్సిన్ కణాల్లోని ఒక గ్రాహకానికి అతుక్కుని, జన్యువుల పనితీరును తారుమారు చేస్తుంది. హార్మోన్లు, రోగనిరోధక శక్తి, గర్భస్థ శిశువు ఎదుగుదల అన్నీ ఆ దారిలోనే దెబ్బతింటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లో టీసీడీడీని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మెత్తని కణజాలపు క్యాన్సర్లు, కొన్ని రకాల లింఫోమా (శోషరస వ్యవస్థ క్యాన్సర్), రక్తపోటు, మధుమేహం, పార్కిన్సన్ వ్యాధి వంటివాటితో ఈ కలుపు మందులకు సంబంధం ఉందని అమెరికా శాస్త్ర అకాడమీ నియమించిన కమిటీలు ఏళ్ల తరబడి సమీక్షించి చెప్పాయి. ఒక్కోదానికి సాక్ష్యం బలం ఒక్కోలా ఉంది.

పుట్టుకతో వచ్చే వైకల్యాల విషయంలోనే వివాదం ఎక్కువ. 2006లో 22 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ, మందు సోకిన తల్లిదండ్రుల బిడ్డల్లో వైకల్యాల ముప్పు దాదాపు రెట్టింపు ఉందని చెప్పింది. ఆ అధ్యయనాల నాణ్యత సరిపోదని ఇతర శాస్త్రవేత్తలు అదే పత్రికలో అభ్యంతరం చెప్పారు. వియత్నాం రెడ్‌క్రాస్ మాత్రం బాధితులు 30 లక్షల దాకా ఉంటారని, అందులో వైకల్యాలతో పుట్టిన పిల్లలు లక్షన్నర మంది అని అంటోంది. అమెరికా ఈ లెక్కను ఒప్పుకోలేదు. ప్రతి వైకల్యం డయాక్సిన్ వల్లే వచ్చిందని ఎవరూ అనలేరు. పోషకాహార లోపం, అంటువ్యాధులు, జన్యు లోపాలు ఏ దేశంలోనైనా ఉంటాయి. కానీ సాక్ష్యం అసంపూర్తిగా ఉండడం వేరు, హాని జరగలేదని తేలడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూపించే వాదన ఎవరికి మేలు చేస్తుందో గమనించాలి.

సాక్ష్యం ఎందుకు అసంపూర్తిగా ఉంది? ఇటలీలోని సెవెసోలో 1976లో ఫ్యాక్టరీ ప్రమాదం జరిగి డయాక్సిన్ ఊరి మీద పడినప్పుడు, వైద్యులు వెంటనే వేలాది మంది రక్తం తీసి భద్రపరిచారు. తరువాతి దశాబ్దాల్లో ఆ నమూనాలే ఆధారమయ్యాయి. వియత్నాంలో బాంబులు పడుతున్న పల్లెలో రక్తం తీసి దాచేదెవరు? ఒక మనిషికి 1968లో సోకిన డయాక్సిన్ ఏడేళ్లకోసారి సగమవుతూ వచ్చిందనుకుంటే 2010 నాటికి 64వ వంతే మిగులుతుంది. అప్పుడు రక్తపరీక్ష చేస్తే ‘మామూలుగానే ఉంది’ అనే రావచ్చు. ఆ పరీక్ష కూడా ఖరీదైనది, ఒక్కో నమూనాకు వందల డాలర్లవుతుంది. ఎప్పుడు, ఎంత సోకిందో రుజువు చేయమని ఒక వియత్నాం రైతును అడగడమంటే, యుద్ధం మిగల్చని కాగితాన్ని తెమ్మని అడగడమే.

అమెరికా ప్రభుత్వానికి ఈ ఇబ్బంది బాగా తెలుసు. తన సైనికుల విషయంలో దాన్ని న్యాయంగా, మానవీయంగా పరిష్కరించింది కూడా. 1991లో చేసిన ఏజెంట్ ఆరెంజ్ చట్టం ప్రకారం, 1962 జనవరి 9 నుంచి 1975 మే 7 వరకు ఎప్పుడైనా వియత్నాం నేల మీద అడుగుపెట్టిన సైనికుడికి మందు సోకినట్టే లెక్క. జాబితాలోని జబ్బు వస్తే చాలు, పింఛను, వైద్యం అందుతాయి. ఏ రోజు, ఎక్కడ, ఎంత సోకిందని ఎవరూ అడగరు. జాబితా కూడా పెరుగుతూ వచ్చింది. 2022లో రక్తపోటును చేర్చారు. వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టే స్పైనా బైఫిడా ఉన్న సైనికుల పిల్లలకు 1996లోనే సాయం మంజూరు చేశారు. ఈ హక్కులు ఊరికే రాలేదు, మాజీ సైనికులు ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్నారు. 1984లో మందు తయారు చేసిన కంపెనీలు కోర్టు బయట 18 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నది కూడా వాళ్లు వేసిన దావాలోనే.

వియత్నాం బాధితులు 2004లో అదే న్యూయార్క్ కోర్టులో, 1984 నాటి దావాను చూసిన అదే న్యాయమూర్తి జాక్ వైన్‌స్టీన్ ముందు దావా వేశారు. 2005 మార్చిలో ఆయన దాన్ని కొట్టివేశారు. ఆ కాలపు అంతర్జాతీయ చట్టం ప్రకారం కలుపు మందు నిషిద్ధ ఆయుధం కాదని, జబ్బులకు మందే కారణమన్న రుజువు చాలదని తీర్పు చెప్పారు. 2009లో అమెరికా సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి నిరాకరించింది. యుద్ధకాలంలో పాత్రికేయురాలిగా పనిచేసిన త్రాన్ తో న్గా ఫ్రాన్స్‌లో కంపెనీల మీద వేసిన దావా కూడా 2021లో, మళ్లీ 2024లో అప్పీలు కోర్టులో వీగిపోయింది. ప్రభుత్వ ఆదేశం మేరకే తయారు చేశామన్న వాదన కంపెనీలను కాపాడింది.

మందు పైనుంచి పడిన దృశ్యాన్ని ఒకసారి ఆలోచించండి. కింద సైనికుడున్నాడు, పొలంలో రైతు ఉన్నాడు. సైనికుడు అక్కడ ఉన్నది ఎక్కువగా ఏడాది. రైతు పుట్టింది, పండించింది, తిన్నది అక్కడే. శాస్త్రపరంగా చూస్తే ఎక్కువ సోకే అవకాశం ఎవరికో వేరే చెప్పనక్కర్లేదు. సైనికుడికి సాయం చేయడానికి సరిపోయిన సాక్ష్యం రైతు దగ్గరికి వచ్చేసరికి చాలకుండా పోయింది. చట్టంలో ఒకటి ప్రభుత్వ సంక్షేమం, మరొకటి నష్టపరిహార దావా, వాటి నిబంధనలు వేరని న్యాయవాదులు అంటారు. నిజమే. కానీ ఆ రెండు దారుల్లో మొదటిది వియత్నాం ప్రజలకు తెరుచుకోలేదు, రెండోది మూసేశారు. దీన్ని సాంకేతికమైన తేడా అని సరిపెట్టుకోవడం నాకు సాధ్యం కాదు.

2007 నుంచి అమెరికా కాంగ్రెస్ కొంత డబ్బు ఇస్తోంది. ఎక్కువ మందు పడిన రాష్ట్రాల్లోని వికలాంగులకు సాయం చేస్తారు, వైకల్యానికి కారణం ఏమిటన్నది మాత్రం అడగరు. కారణం అడగకపోవడం వల్ల సాయం త్వరగా అందుతుంది. బాధ్యత ఒప్పుకోవాల్సిన అవసరమూ తప్పుతుంది.

డా నాంగ్‌లో 2012 నుంచి 2018 వరకు జరిగిన శుద్ధి మాత్రం మెచ్చుకోదగ్గది. కలుషిత మట్టిని, బురదను తవ్వి పెద్ద కాంక్రీటు పెట్టెలో పోసి, మూత వేసి, లోపలికి దించిన కడ్డీలతో 335 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేశారు. ఆ వేడికి డయాక్సిన్‌లో అత్యధిక భాగం అక్కడే విరిగిపోతుంది. సుమారు 90 వేల ఘనపు మీటర్ల మట్టిని ఇలా శుద్ధి చేయడానికి 11 కోట్ల డాలర్ల దాకా ఖర్చయింది. బియెన్ హోవాలో అలాంటి మట్టి దాదాపు 5 లక్షల ఘనపు మీటర్లుంది. 2019లో అక్కడ పని మొదలైంది. 2025 ఆరంభంలో అమెరికా తన విదేశీ సహాయ నిధులను స్తంభింపజేసినప్పుడు కొన్ని వారాలు ఆగిపోయి, తరువాత మళ్లీ మొదలైంది. విషపు మట్టిని సగం తవ్వి వదిలేస్తే వానకు అది ఎటు పారుతుందో ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు ఆలోచించారో లేదో తెలియదు.

లావోస్ పరిస్థితి ఇంతకన్నా అధ్వానం. ఉత్తర వియత్నాం దక్షిణానికి సైన్యాన్ని, సరంజామాను పంపిన హో చి మిన్ బాట సాగిన ఆ దేశపు తూర్పు కొండల మీద కూడా మందు రహస్యంగా చల్లారు. అక్కడ ఎన్ని పల్లెలు తడిశాయో, ఎంతమంది పిల్లలు వైకల్యాలతో పుట్టారో లెక్కగట్టే పని ఆలస్యంగా, అదీ కొందరు స్వచ్ఛంద కార్యకర్తల చొరవతో మొదలైంది. ఇక 2022లో అమెరికా చేసిన చట్టాన్ని చూడండి. 1965 డిసెంబరు 1 నుంచి 1969 సెప్టెంబరు 30 మధ్య లావోస్‌లో పనిచేసిన తన సైనికులందరికీ ఏజెంట్ ఆరెంజ్ సోకినట్టే భావించాలని అందులో రాసుకున్నారు. అవే తేదీల్లో, అవే కొండల్లో వరి పండించుకున్నవాళ్ల గురించి ఆ చట్టంలో ఒక్క వాక్యం లేదు.